రిఫ్రాక్టర్‌కు కెమెరా బిగిస్తే చంద్రుడు ఫోకస్‌కు రావడం లేదు, కంటికి మాత్రం స్పష్టంగా ఉన్నాడు

పెన్నాతీరం | ప్రొద్దుటూరు

అందరికీ నమస్కారం. జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. పిల్లలకు ఆకాశం చూపించడానికని కొన్న వక్రీభవన దూరదర్శిని ఒకటి నా దగ్గర ఉంది: 90 మి.మీ. వ్యాసం, 900 మి.మీ. నాభ్యంతరం, రెండు కటకాల మామూలు అక్రోమాట్, ఈక్యూ2 స్టాండు. కంటితో చూడటంలో ఏ లోటూ లేదు. శని వలయం విడిగా కనిపిస్తుంది, చంద్రుడి గుంతల అంచులు కోసినట్టు ఉంటాయి.

ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవం నాటికి తామే తీసిన చంద్రుడి ఫొటోలు గోడకు పెట్టాలని మా పిల్లలు ఉబలాటపడుతున్నారు. తమ్ముడి పాత కానన్ 1300డి తెప్పించి, టీ-రింగ్ (కెమెరాను టెలిస్కోపుకు బిగించే రింగు) కొన్నాను. డయాగ్నల్ (కాంతిని పక్కకు తిప్పే అద్దం ఉన్న ముక్క), ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) రెండూ తీసేసి, ఫోకసర్ చివరి అడాప్టర్‌కు బయటివైపు ఉన్న మరకు టీ-రింగ్‌తో కెమెరాను నేరుగా బిగించాను. తెర మీద చంద్రుడు ఉబ్బిన తెల్లని ముద్ద. ఫోకసర్ గొట్టాన్ని బయటికి తిప్పేకొద్దీ ముద్ద చిన్నదవుతుంది, అంచు కట్టుకుంటున్నట్టే ఉంటుంది, ఇంకాస్త అనుకునేలోపు గొట్టం ఆగిపోతుంది. లోపలికి తిప్పితే మరీ అన్యాయం.

అమ్మిన దుకాణంలో అడిగితే, ఈ టెలిస్కోపుకు ఇలాంటి కెమెరా పనికిరాదు, పెద్ద మోడల్ తీసుకోండి అన్నారు. ఆ మాట నాకు నమ్మబుద్ధి కావడం లేదు. కటకం ప్రతిబింబాన్ని ఎక్కడో ఒకచోట ఏర్పరచక తప్పదు కదా. ఆ చోటికి కెమెరాను చేర్చాలంటే ఏం కావాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి. ఖర్చు తక్కువైతే సంతోషం, డబ్బు నా జీతంలోంచే.

చుక్కలపిచ్చి | వరంగల్

లెక్చరర్ గారూ, ఇదే బాధ నాకు 130 మి.మీ. న్యూటోనియన్‌తో (కటకం బదులు అద్దంతో పనిచేసే టెలిస్కోపు) ఉండేది. 2ఎక్స్ బార్లో (బొమ్మను రెండింతలు చేసే కటకం) పెట్టి దాని వెనక కెమెరా బిగించగానే ఫోకస్ వచ్చింది. మీరూ ఒక బార్లో కొనండి, పెద్ద ఖరీదేమీ కాదు. చంద్రుడు రెండింతలు పెద్దగా వస్తాడు కూడా.

పాతటర్నర్ | విశాఖపట్నం

బార్లో కొనకండి. అసలు కొలిచేదాకా ఏదీ కొనకండి.

చుక్కలపిచ్చి గారు చెప్పింది వారి టెలిస్కోపుకు నూటికి నూరుపాళ్లు సరి. న్యూటోనియన్‌లో నాభి, అంటే ప్రతిబింబం ఏర్పడే చోటు, గొట్టానికి బాగా దగ్గరగా పడుతుంది. కెమెరా మందం వల్ల సెన్సర్ దానికి అవతల ఉండిపోతుంది. ఫోకసర్ ఇంకా లోపలికి పోవాలి, పోదు. బార్లో నాభిని వెనక్కి నెడుతుంది కనుక అక్కడ పని జరిగిపోతుంది. మీ ఇబ్బంది దానికి సరిగ్గా తలకిందులు. మీ నాభి ఇప్పటికే సెన్సర్‌కు వెనక ఉంది. అంచు కట్టుకుంటూ ఉండగా గొట్టం ఆగిపోయిందని రాశారే, ఆ ఒక్క వాక్యం చాలు నాకు. మీ టెలిస్కోపుకు బార్లో పెడితే ఫోకసర్ ఇప్పటికంటే ఇంకా బయటికి రావాల్సి ఉంటుంది.

టెలిస్కోపుదీ తప్పు కాదు, కెమెరాదీ కాదు. రిఫ్రాక్టర్ తయారుచేసేవాడు డయాగ్నల్ ఉంటుందనే లెక్కతోనే గొట్టం పొడవు కోస్తాడు. అది లేకుండా నడినెత్తిన ఉన్న చుక్కను చూడాలంటే నేల మీద వెల్లకిలా పడుకోవాలి. 1.25 అంగుళాల డయాగ్నల్‌లో కాంతి సుమారు 70 నుంచి 80 మి.మీ. దారి నడుస్తుంది, 2 అంగుళాల దానిలో 100 పైనే. మీరు డయాగ్నల్ తీసినప్పుడు ఆ దారి కూడా పోయింది. ఆ స్థానంలో కెమెరా ఇచ్చేది 55 మి.మీ. మాత్రమే.

ఈ 55 ఎక్కడిది అంటే: మీ కెమెరా మౌంటు (లెన్సు బిగించే చోటు) ముఖం నుంచి సెన్సర్ దాకా 44 మి.మీ. టీ-రింగ్ మందం 11. నికాన్ వాళ్లకు మౌంటు లోతు 46.5, కాబట్టి వాళ్ల టీ-రింగ్ 8.5 ఉంటుంది. ఏ కెమెరా అయినా మొత్తం 55కే వచ్చేలా టీ-రింగులు కోస్తారు. సెన్సర్ ఎక్కడుందో చూడాలంటే కెమెరా నెత్తిన చిన్న సున్నా, దాని మీదుగా అడ్డగీత ఉన్న గుర్తు వెతకండి. ఆ గీత సెన్సర్ తలానికి సరిగ్గా పైన ఉంటుంది.

ఇక కొలత. చంద్రుడున్న రాత్రి టెలిస్కోపులోంచి అన్నీ తీసేయండి: డయాగ్నల్, ఐపీస్, ఆ చివరి అడాప్టర్ కూడా. కదిలే గొట్టం ఒక్కటే మిగలాలి. దాన్ని పూర్తిగా లోపలికి తిప్పేయండి. టెలిస్కోపును చంద్రుడి వైపు పెట్టి, గొట్టం వెనక గాలిలో ఒక ట్రేసింగ్ కాగితం పట్టుకోండి. బజ్జీల బండి దగ్గర ఇచ్చే పల్చని నూనె కాగితమైనా సరే, నూనె లేనిది. కాగితాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతుంటే ఒకచోట బుల్లి చంద్రుడు తలకిందులుగా, గుంతలతో సహా కాగితం మీద దిగుతాడు. అదే మీ నాభి. గొట్టం చివరి నుంచి కాగితం దాకా ఇంకొకరి చేత ఉక్కు స్కేలుతో కొలిపించండి. టేపు వద్దు, వంగుతుంది. తరువాత గొట్టం మొత్తం ఎంత బయటికి వస్తుందో కొలవండి, అడాప్టర్ మందం కొలవండి. మూడు అంకెలు రాయండి, మిగతాది నేను చూస్తాను.

పగలు ఈ పని చేస్తే సూర్యుడి దరిదాపులకు కూడా గొట్టం తిప్పకండి. కాగితం కాలుతుంది. కన్ను ఉంటే కన్ను పోతుంది. పిల్లలు చుట్టూ ఉంటారన్నారు కాబట్టి చెబుతున్నాను.

ఉద్యోగమంతా లేత్ మీద గడిపినవాణ్ణి. కొలవకుండా వస్తువు కొని, అది సరిపోలేదని ఇంకొకటి కొనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట.

పెన్నాతీరం | ప్రొద్దుటూరు

టర్నర్ గారూ, మీ మాట ప్రకారమే చేశాం. నిన్న అష్టమి, సగం చంద్రుడు. కాగితం మీద చంద్రుడు దిగినప్పుడు మా పిల్లలు వేసిన కేకలకు పక్కింటివారు డాబా ఎక్కి వచ్చారు. కెమెరా గొడవ మరిచిపోయి అందరూ కాగితం మీది చంద్రుడినే ఫోన్లతో తీసుకున్నారు. బొమ్మ నిడివి 8 మి.మీ. ఉంది. చంద్రుడి వెడల్పు అర డిగ్రీ, నాభ్యంతరం 900, లెక్క వేస్తే అంతే రావాలి. పాఠంలో ఎన్నిసార్లు చెప్పినా రాని నమ్మకం పిల్లలకు ఆ స్కేలుతో వచ్చింది.

అంకెలు ఇవిగో. గొట్టం పూర్తిగా లోపల ఉన్నప్పుడు దాని చివరి నుంచి నాభి దాకా 168 మి.మీ. గొట్టం కదలిక మొత్తం 80. అడాప్టర్ మందం 22.

ఒక సందేహం. కెమెరాను డయాగ్నల్‌లోనే పెట్టేస్తే సరిపోదా? పోయిన దారి తిరిగి వస్తుంది కదా.

పాతటర్నర్ | విశాఖపట్నం

మంచి కొలత. బొమ్మ నిడివి కూడా కొలిచారంటే మీ పిల్లలకు నా నమస్కారం చెప్పండి.

168లోంచి అడాప్టర్ 22, కెమెరా 55 తీసేయండి. 91 మిగిలింది. అంటే గొట్టం 91 మి.మీ. బయటికి రావాలి. మీ గొట్టం 80 దగ్గర ఆగుతుంది. 11 మి.మీ. కరువు, అంతే మీ రోగం. మీది ఎఫ్/10 టెలిస్కోపు, అంటే నాభ్యంతరం వ్యాసానికి 10 రెట్లు, కాబట్టి 11 మి.మీ. తేడాకు సెన్సర్ మీద ప్రతి బిందువూ 1.1 మి.మీ. చుక్కగా పరుచుకుంటుంది. 8 మి.మీ. చంద్రుడి మీద మిల్లీమీటరు పైచిలుకు మసక. అంచు కట్టుకోబోతూ ఆగిపోవడం అంటే ఇదే.

మధ్యలో ఒక ఖాళీ గొట్టం వేస్తే చాలు. ఎక్స్‌టెన్షన్ ట్యూబు అంటారు. కటకం ఏదీ ఉండదు. లోపల గాలి తప్ప ఏమీ లేని వస్తువు, కాబట్టి దానిలో నాణ్యత అంటే మర, లోపలి నలుపు, ఈ రెండే.

ఎంత పొడవు? 11 కరువు కదా అని 15 వేసేరు. పని జరుగుతుంది, కానీ గొట్టం 76 దాకా బయటికి వచ్చి కొనమీద వేలాడుతుంది. అరకిలో కెమెరా బరువుకు తల దించుతుంది. బొమ్మలో ఒక పక్క స్పష్టం, ఒక పక్క మసక వస్తుంది. 80 వేస్తే గొట్టం 11 దగ్గరే నిలుస్తుంది. పట్టు బాగుంటుంది కానీ, రేపు ఎప్పుడైనా నాభ్యంతరం తగ్గించే రెడ్యూసర్ కటకం పెడితే ఫోకస్ లోపలికి జరుగుతుంది, అప్పుడు మీకు పోవడానికి చోటుండదు. 50 వేయండి. 41 దగ్గర ఫోకస్ వస్తుంది. కదలికకు సరిగ్గా నడుమ, అటూ ఇటూ వెసులుబాటు.

డయాగ్నల్‌లో కెమెరా పెట్టడం గురించి. ఫోకస్ వస్తుంది, మీ తర్కం సరైనదే. ఇవాళే చూసుకోవాలనుకుంటే ఒకసారి పెట్టి చూడండి, కింద ఇంకొకరి చెయ్యి ఉంచి. అయితే డయాగ్నల్‌ను పట్టుకునేది ఒకటో రెండో చిన్న మరచీలలు. ఐపీస్ బరువుకు చేసినవి అవి. కెమెరా పక్కకు వేలాడుతూ మెల్లగా తిరుగుతుంది, ఫొటో కుడిఎడమలు మారి వస్తుంది, అద్దం ఒక్క వెంట్రుక వాసి వంకరగా ఉన్నా చుక్కలు సాగుతాయి. రోజూ చేసే పని కాదు.

గొట్టం కొంటారో, చేయిస్తారో మీ ఇష్టం. ప్రొద్దుటూరులో లేత్ షెడ్డు లేకుండా ఉండదు. చేయిస్తే అల్యూమినియం కడ్డీలోంచి తీయించండి, ఒక చివర లోపలి మర, ఇంకో చివర బయటి మర. ఇక్కడ జాగ్రత్త. టీ-రింగ్ మర 42 మి.మీ. వ్యాసం, 0.75 మి.మీ. పిచ్ (మర చుట్ల మధ్య దూరం). పాత సోవియట్ కెమెరాల కటకాలకు కూడా 42 మి.మీ. మరే ఉంటుంది, కానీ దాని పిచ్ 1. రెండూ చూపుకు ఒకటే. మొదటి చుట్టు ఎక్కుతుంది కూడా. రెండో చుట్టుకు బిగుసుకుంటుంది, బలం ఉపయోగించినవాడు టీ-రింగ్ మరను తినేస్తాడు. షెడ్డువాడికి మీ టీ-రింగ్, మీ అడాప్టర్ రెండూ ఇచ్చి, వాటికి సరిపోయేలా కోయమనండి. నోటిమాటగా చెప్పి రాకండి. మరలు పోయాక చేసే బేరం ఏమీ ఉండదు.

లోపల నల్లబల్లకు వేసే రంగు పూయండి, నిగనిగలాడే నలుపు కాదు. మెరిసే అల్యూమినియం వదిలేస్తే చంద్రుడి వెలుగు గోడలకు తగిలి ఫొటో అంతా పాలు కలిపినట్టు తెల్లబారుతుంది.

హిల్‌కంట్రీ_తెలుగు | ఆస్టిన్, టెక్సాస్

టర్నర్ గారి లెక్క చదువుతుంటే నాకు ఈ జ్ఞానం మొదట్లో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించింది. ఇక్కడ నేను 80 మి.మీ. ఎఫ్/6 ట్యూబుతో తీస్తుంటాను. లెక్చరర్ గారికి గొట్టం వచ్చాక ఎదురయ్యే రెండో ఘట్టం గురించి చెబుతాను: నాభి దగ్గరికి చేరడం ఒక ఎత్తు, సరిగ్గా దాని మీద నిలవడం ఇంకో ఎత్తు.

ఎఫ్ సంఖ్యను బట్టి ఫోకస్‌కు కొంత మందం ఉంటుంది. ఆ మందంలో సెన్సర్ ఎక్కడున్నా తేడా తెలియదు. కాంతి తరంగదైర్ఘ్యాన్ని ఎఫ్ సంఖ్య వర్గంతో గుణించి, దాన్ని 4.88తో గుణిస్తే ఆ మందం వస్తుంది. ఆకుపచ్చ కాంతికి ఎఫ్/10 దగ్గర సుమారు 0.27 మి.మీ. నా ఎఫ్/6కు 0.1 కూడా లేదు. ఎఫ్/5 అయితే 0.07. మీ టెలిస్కోపు మీ మీద దయ చూపించే రకం. అయినా 0.27 అంటే తక్కువే. ఫోకసర్ గుండీ ఒక చుట్టుకు గొట్టం రెండు సెంటీమీటర్లు కదిలితే, ఆ మందం గుండీ మీద 5 డిగ్రీలు. వేళ్లతో అంత సన్నగా తిప్పడం కష్టం. బట్టల క్లిప్పు ఒకటి గుండీకి తగిలించి దాని కొన పట్టుకుని తిప్పండి. చేతికి పొడవు దొరికేసరికి కదలిక సన్నబడుతుంది, టెలిస్కోపు వణకడమూ తగ్గుతుంది.

చంద్రుడికైతే లైవ్ వ్యూ (కెమెరా తెర మీద బొమ్మ నేరుగా కనిపించే పద్ధతి) పెట్టి 10 రెట్లు పెద్దది చేసి, వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గరి గుంతలను చూస్తూ తిప్పండి. పున్నమి చంద్రుడి మీద నీడలుండవు, అప్పుడు ఫోకస్ పట్టడం కష్టం. పంచమి నుంచి దశమి దాకా మంచి కాలం. బొమ్మ గాలికి అలల్లా ఊగుతుంటుంది. అది ఫోకస్ లోపం కాదు. అలల మధ్య క్షణంపాటు నిలిచే స్పష్టత ఎక్కడ ఎక్కువగా దొరుకుతుందో అక్కడ ఆపాలి.

నక్షత్రాలకు వచ్చేసరికి బహ్తినోవ్ మాస్క్ వాడండి. రష్యా ఔత్సాహికుడు పావెల్ బహ్తినోవ్ 2005లో రూపొందించినది. మూడు దిక్కుల్లో చీలికలు కోసిన అట్ట, అంతే. దాన్ని టెలిస్కోపు ముందు తగిలించి ప్రకాశవంతమైన చుక్క వైపు పెడితే చుక్క చుట్టూ మూడు వెలుగు గీతలు వస్తాయి. రెండు గీతలు ఇంటూ గుర్తులా, మూడోది మధ్యలో. ఫోకస్ తప్పితే మధ్య గీత ఒక పక్కకు జరుగుతుంది, కుదిరితే సరిగ్గా ఇంటూ నడుమ నిలుస్తుంది. ఊహకు పనే ఉండదు. 900 నాభ్యంతరానికి చీలిక 3 మి.మీ., పట్టీ 3 మి.మీ. ఉంటే బాగా పనిచేస్తుంది. మందపాటి నల్ల చార్టు మీద పిల్లల చేతే గీయించి కోయించండి. ఫొటో తీసేముందు మాస్క్ తీయడం మరవకండి, మా క్లబ్బులో ఇది రోజూ జరిగే వినోదం.

కెమెరాను మాన్యువల్‌లో పెట్టండి, ఐఎస్‌ఓ 3200 లేదా 6400, షట్టర్ పొడవుగా. లేకపోతే లైవ్ వ్యూలో చుక్క కనిపించదు. ఈ కాలంలో సాయంత్రం లుబ్ధకం (సిరియస్) మీద ఫోకస్ పట్టుకుని, దాన్ని కదపకుండా టెలిస్కోపును మృగశిర వైపు తిప్పుకోండి. నక్షత్రాలన్నింటికీ ఫోకస్ ఒకటే.

పాతటర్నర్ | విశాఖపట్నం

హిల్‌కంట్రీ గారి మాటలన్నీ ఒప్పుకుంటాను. మాస్క్ చంద్రుడికి పనికిరాదని మాత్రం కలుపుతాను, దానికి బిందువు కావాలి. చంద్రుడి ఫొటో తీయాలన్నా ముందు ఏదైనా చుక్క మీద మాస్క్‌తో కుదుర్చుకుని, తరువాత చంద్రుడి వైపు తిప్పండి.

ఫోకసర్ కింద తాళం మర ఒకటి ఉంటుంది. ఫోకస్ అంతా అయ్యాక దాన్ని బిగిస్తే గొట్టం కొద్దిగా పైకి లేచి కుదిరింది చెడుతుంది. ముందే సగం బిగించి, ఆ బిగువు మీదే తిప్పి, చివర పావు చుట్టు మాత్రం వేయండి. వేశాక మాస్క్‌లో మళ్లీ చూడండి. ఇంకొకటి. తిప్పడం ఎప్పుడూ కెమెరాను పైకి ఎత్తే దిశలోనే ముగించండి. పళ్లచక్రం ఫోకసర్లకు పళ్ల మధ్య ఖాళీ ఉంటుంది. కిందికి వదులుతూ ఆపితే కెమెరా బరువు మిగతా ఖాళీని తరువాత మెల్లగా తినేస్తుంది, మీరు మాత్రం గాలిని తిడుతూ కూర్చుంటారు.

పగలు సాధన చేయాలనుకుంటే దూరం ఎంచుకోండి. 100 మీటర్ల దూరంలోని సెల్ టవర్ మీద కుదిరిన ఫోకస్ చుక్కలకు 8 మి.మీ. తప్పు. కిలోమీటరు దూరమైతే 0.8. రెండు కిలోమీటర్లైతే 0.4, రాత్రి వెతుకులాట అక్కడి నుంచి సులువు. లెక్చరర్ గారికి సూత్రం చెప్పనక్కర్లేదు, నాభ్యంతరం వర్గాన్ని దూరంతో భాగించుకోండి. రాత్రి ఫోకస్ కుదిరాక ఆ గొట్టం మీద తెల్ల పెన్సిల్‌తో ఒక గీత గీయండి. మర్నాడు సగం పని తగ్గుతుంది. సగమే, ఎందుకంటే అల్యూమినియం చలికి ముడుచుకుంటుంది. మీటరుకు ఒక్కో డిగ్రీకి 0.023 మి.మీ. మీ 900 గొట్టానికి 10 డిగ్రీలు పడితే 0.2 మి.మీ. తేడా. హిల్‌కంట్రీ గారు చెప్పిన ఆ 0.27 మందానికి ఇది చాలా దగ్గర. సాయంత్రం కుదిర్చి అర్ధరాత్రి దాకా నమ్మకండి, గంటకోసారి మాస్క్ పెట్టి చూడండి. గదిలోంచి తెచ్చిన టెలిస్కోపును అరగంట బయట వదిలేశాకే మొదలుపెట్టండి.

పెన్నాతీరం | ప్రొద్దుటూరు

గొట్టం వచ్చింది. షెడ్డు ఆయన టీ-రింగ్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత సన్న మర ఈ మధ్య ఎవరూ అడగలేదని నవ్వుతూ కోసిచ్చారు. స్కేలు మీద 50.5 వచ్చింది. ఫోకస్ 40, 41 మధ్య కుదిరింది. టర్నర్ గారి అంకె!

చంద్రుడి ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఐఎస్‌ఓ 200, సెకనులో 125వ వంతు, బటన్ నొక్కిన కుదుపుకు కదలకుండా రెండు సెకన్ల టైమర్. టైకో గుంత నుంచి బయలుదేరే గీతలు కూడా పడ్డాయి. మాస్క్ పిల్లలు కోశారు, ఒక పట్టీ తెగింది, అయినా గీతలు వచ్చాయి.

ఇప్పుడు కొత్త సంగతి. లుబ్ధకం చుట్టూ ఊదా రంగు వలయం వస్తోంది. మాస్క్‌లో మధ్య గీత నడుమే ఉంది. ఇది ఫోకస్ లోపమా, టెలిస్కోపు లోపమా? ఇంకొకటి, కృత్తికల ఫొటోలో మూలల్లో చుక్కలు కాస్త సాగినట్టున్నాయి, ముఖ్యంగా కుడి పై మూలలో.

చుక్కలపిచ్చి | వరంగల్

బార్లో మాట వెనక్కి తీసుకుంటున్నాను, టర్నర్ గారి దెబ్బకు!

ఊదా వలయం అక్రోమాట్ స్వభావం. రెండు కటకాలతో ఎరుపు, నీలం రెంటినీ ఒకచోటికి తెస్తారు. వాటికి అవతల ఉన్న ఊదా వేరే చోట పడుతుంది. ఈ టెలిస్కోపులను కంటి కోసం, అంటే పసుపు ఆకుపచ్చ కాంతికి సరిచేస్తారు. కంటికి ఊదా అంతగా పట్టదు, సెన్సర్‌కు పడుతుంది. ఇక్కడ మా హైదరాబాద్ నిజామియా వేధశాల సంగతి గుర్తొస్తుంది. ఆకాశమంతటినీ ఫొటో తీసి నక్షత్రాల పట్టిక తయారుచేసే అంతర్జాతీయ పనిలో ఆ వేధశాలా ఒక భాగం పంచుకుంది, 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్‌తో (ఫొటోలు తీయడానికే చేసిన దూరదర్శిని). ఆనాటి ఫొటో పలకలు నీలి కాంతికే స్పందించేవి కనుక అలాంటి కటకాలను నీలికే సరిచేసేవారు. కంటితో చూస్తే అవే కటకాలు బాగోవు. ఒక్క గాజుతో రెండు పనులూ చేయాలని మనమే అడుగుతున్నాం.

లేత పసుపు ఫిల్టరు ఒకటి వాడి చూడండి, వలయం బాగా తగ్గుతుంది. రంగు కొంచెం పచ్చబడుతుంది, కంప్యూటర్‌లో సరిచేసుకోవచ్చు. చంద్రుడి ఫొటోలను నలుపు తెలుపు చేసేస్తే ఈ గొడవే లేదు, ఆకుపచ్చ చానెల్ ఒక్కటే ఉంచుకోండి, అదే అన్నింటిలోకీ పదును.

పాతటర్నర్ | విశాఖపట్నం

మాట వెనక్కి తీసుకోనక్కర్లేదు, మీ న్యూటోనియన్ దగ్గర అది సత్యమే.

ఊదా సంగతి వారు చెప్పేశారు. మూలల సంగతి నేను చెబుతాను. రిఫ్రాక్టర్ బొమ్మ చదునైన పలక మీద పడదు, కొద్దిగా గిన్నె ఆకారంలో పడుతుంది. సెన్సర్ మాత్రం చదును. నడుమ కుదిరితే మూలలు కొంచెం తప్పుతాయి. నాలుగు మూలలూ ఒకేలా, మధ్యకు గురిపెట్టినట్టు సాగితే అది కటకం స్వభావం. ఎఫ్/10లో తక్కువే ఉంటుంది. దాని కోసం ఇప్పుడే ఫ్లాట్‌నర్ (బొమ్మను చదును చేసే కటకం) కొనకండి. లుబ్ధకాన్ని సరిగ్గా నడుమ కాకుండా, మధ్య నుంచి మూలకు మూడోవంతు దూరంలో ఉంచి ఫోకస్ కుదిర్చి చూడండి. నడుమ కొంచెం, మూల కొంచెం పంచుకుంటాయి.

కానీ మీరు కుడి పై మూల అన్నారు. ఒక్క మూలే ఎక్కువ సాగితే అది వంకర. వంకర ఎక్కడుందో ఇలా తేలుతుంది. ముందు ఒక ఫొటో తీయండి. ఆ తరువాత కెమెరాను మాత్రం మర దగ్గర వదులు చేసి 90 డిగ్రీలు తిప్పి, ఫోకస్ మళ్లీ కుదిర్చి ఇంకో ఫొటో తీయండి. ఫొటోలో ఆ చెడ్డ మూల మళ్లీ కుడి పై మూలలోనే ఉంటే లోపం కెమెరా వైపు, టీ-రింగ్ సరిగా కూర్చోలేదు. రింగ్ పక్కన ఉండే మూడు చిన్న మరచీలలు సమంగా బిగించండి. మూల మారితే లోపం ఫోకసర్ వైపు, గొట్టం బరువుకు వాలుతోంది. అప్పుడు తాళం మర, దాని ఎదుటి వైపున ఉండే సర్దుబాటు మరలు చూడాలి. వాటిని ఒకేసారి అన్నీ తిప్పకండి. ఒకటి పావు చుట్టు, ఒక ఫొటో. మళ్లీ ఒకటి.

రెండు ఫొటోలూ ఇక్కడ పెట్టండి. కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైళ్లే కావాలి. ఫోనులో తెర ఫొటో తీసి పెడితే నాకు మీ ఫోను కటకం సంగతే తెలుస్తుంది.

పెన్నాతీరం | ప్రొద్దుటూరు

రేపు మబ్బు లేకపోతే తిప్పి చూస్తాం. గొట్టం తాళం మర దగ్గర ఏదో వదులుగా తగులుతోంది, మీరు చెప్పినదే అయి ఉంటుందనిపిస్తోంది. పిల్లలు టర్నర్ గారిని ఒక ప్రశ్న అడగమన్నారు: ఫోకసర్ గుండీకి బట్టల క్లిప్పు బదులు పొడవైన చెక్క స్కేలు కట్టి, డిగ్రీల గుర్తులు వేసుకోవచ్చా అని.

పాతటర్నర్ | విశాఖపట్నం

కట్టుకోవచ్చు. కోణమాపకం ప్రింటు తీసి గుండీ వెనక అతికించి, స్కేలును ముల్లుగా పెట్టమనండి. కట్టేముందు గుండీ ఒక చుట్టుకు గొట్టం ఎన్ని మిల్లీమీటర్లు కదులుతుందో కొలిచి, దాన్ని 360తో భాగించి అట్ట మీద రాసుకోమనండి.